ఎర్రగీత దాటిన గొంతు

అహ్మద్ అలీకి కుడిచెవి వినపడక నాలుగేళ్లు దాటింది. ఏడాదిగా ఎడమచెవి కూడా మొరాయిస్తోంది. ఈ సంగతి నార్కట్‌పల్లిలో ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఒకే ఇంట్లో ఉంటున్న కూతురు హఫ్సాకు కూడా తెలియదు. ఎవరైనా మాట్లాడుతుంటే పెదవులు చూసి పోల్చుకునేవాడు. పోల్చుకోలేకపోతే హైవే వైపు చెయ్యి చూపించి, "లారీల మోత, జర గట్టిగ చెప్పు" అనేవాడు. ముప్పై ఏళ్లు చెవులను నమ్ముకుని బతికిన మనిషి చెవుడని చెప్పుకుంటే ఇక ఆ దుకాణంలో తన పనేముంటుందని ఆయన భయం.

దుకాణం బస్టాండు పక్క సందులో ఉంది. క్యాసెట్ల కాలంలో అక్కడ కూర్చోవడానికి జాగా దొరికేది కాదు. బతుకమ్మ పాటలు, పీర్ల పండుగ పాటలు, ఒగ్గుకథలు, ఏది కావాలన్నా అలీ రికార్డింగ్ సెంటరే. ఆయన ఎక్కించిన టేపులో పాట బలంగా ఉంటుందని నకిరేకల్ నుంచి కూడా వచ్చేవారు. ఇప్పుడు ముందు బల్ల దగ్గర హఫ్సా ఫోన్లకు రీఛార్జీలు చేస్తుంది, మెమరీ కార్డుల్లో పాటలు వేసిస్తుంది. అలీ లోపలి గదిలో పాత టేపు డెక్కుల మధ్య ఒక కంప్యూటరు పెట్టుకుని, వచ్చిన ఒకటీ అరా పని చేసుకుంటాడు.

2018 ఎండాకాలంలో ఒక పొద్దున ఆ గదిలోకి ఉమారాణి తన తండ్రి మల్లప్పను తీసుకొచ్చింది. మల్లప్పను చూడగానే అలీ లేచి నిలబడ్డాడు. గొర్రెలు కాసుకునే కుటుంబంలో పుట్టి, ఒగ్గుకథ చెప్పడంలో ఆ చుట్టుపక్కల సాటి లేదనిపించుకున్న మనిషి. ఒకప్పుడు ఆయన పాటల క్యాసెట్లు అలీయే చేసి అమ్మాడు. రెండేళ్ల కింద గొంతులో క్యాన్సర్ వస్తే పట్నం దవాఖానలో స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ కింద రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. ఊపిరి అక్కడి నుంచే పోతుంది, వస్తుంది. మాట లేదు.

ఉమారాణి కొంగుముడి విప్పి ఒక సీడీ బయటకు తీసింది.

"చిచ్చా, పదునాలుగేండ్ల కింద ఒక చదువుకునే పిలగాడు ఊరికొచ్చి బాపు కథ రికార్డు చేసుకపోయిండు. చేతిల పట్టేటంత చిన్న మిషన్ల. తర్వాత గీ సీడీ పంపిండు. బీరప్ప పుట్టుక ఘట్టం మొత్తం దీంట్లనే ఉన్నది. నలబై నిమిషాలు."

"ఆయన దగ్గర ఇంకోటి ఉండదా బిడ్డా?"

"ఆయన ఫోను నంబరే లేదు. ఏడ ఉన్నడో తెల్వది."

అలీ సీడీని వెలుతురుకు పట్టి చూశాడు. మెరిసే పొర అంచు దగ్గర పొక్కులు కట్టి రేకులుగా లేస్తోంది. 

"ఎందుకింత తొందర?" అని అడిగాడు.

"వచ్చే నెల మా కులదేవుడు బీరప్ప పండుగ చిచ్చా. కథ మా ఇంటోల్లే చెప్పాలె. బాపుకు గొంతు లేదాయె, నేను చెప్తనన్న. ఆడపిల్ల ఒగ్గు డమరుకం పట్టుకునుడేందని కులపెద్ద ఎల్లేశం తాత కొట్లాడిండు. ఆఖరికి పుట్టుక ఘట్టం ఒక్క ముక్క పోకుండ చెప్తే సరే అన్నడు. లేకుంటే వేరే మేళాన్ని పిలుస్తరు. ఒక్కపారి వేరేటోల్లు అచ్చిండ్రంటే కథ మల్ల మా ఇంటికి రాదు."

"వంత పాడేటోల్లకు యాదికి లేదా?"

"ఒకాయన సచ్చిపోయిండు. ఇంకొకాయనకు వంతే యాదికున్నది, కథ లేదు. బాపు చదువుకోలే, రాసిపెట్టింది లేదు. నాకు సగం సగం వస్తది."

మల్లప్ప కూతురి మాటలు వింటూ నేల చూస్తున్నాడు. సగం సగం అనగానే ఆయన వేళ్లు మోకాలి మీద బిగుసుకున్నాయి.

కంప్యూటరు ఆ సీడీని తీసుకోలేదు. మూడుసార్లు గిరగిరా తిప్పి బయటకు నెట్టింది. అలీ అలమారు పైనుంచి పాత సీడీ ప్లేయరు దించి, దుమ్ము తుడిచి పెట్టాడు. రెండు నిమిషాలు తడుముకున్న తర్వాత అది చదివింది. స్పీకర్లలోంచి మల్లప్ప గొంతు వచ్చింది. ఉమారాణి గోడకు ఆనుకుంది. మల్లప్ప కళ్లు మూసుకున్నాడు.

నేరుగా కాపీ చేసుకునే వీలు లేదు కాబట్టి ప్లేయరు వాయిస్తుంటే వైరు ద్వారా కంప్యూటర్లోకి రికార్డు చేయాలి. దానికి లెవల్ పెట్టాలి, అంటే లోపలికి పోయే చప్పుడు ఎంత ఉండాలో ముందే సరిచూసుకోవాలి. అలీ పదేళ్లుగా ఆ పని చేయలేదు. పాటల ఫైళ్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి వేయడమే తప్ప లెవల్ ముట్టుకునే అవసరం రాలేదు. చెయ్యి మాత్రం మరిచిపోలేదు. కథ మొదట్లో మల్లప్ప మెల్లగా దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. తెరమీద చప్పుడును కొలిచే పచ్చరంగు పట్టీ సగానికి కూడా లేవడం లేదు. అలీ లెవల్ పెంచుతూ పోయాడు. పట్టీ పసుపు దాటి ఎర్ర మొదలయ్యే చోటుదాకా లేచేలా చేసి ఆపాడు. టేపు డెక్కుల కాలంలో మీటరు ముల్లు ఎర్రలోకి కొంచెం దూరితేనే పాటకు చిక్కదనం వచ్చేది. ఆయన పేరంతా ఆ కొంచెంలోనే ఉండేది.

నలభై నిమిషాలు సీడీ ఆడింది. నాలుగైదు చోట్ల తడబడినా ఆగలేదు. డోలు మొదలై గొంతు పైకి లేచేసరికి పట్టీ ఎర్రలోకి పోయి అక్కడే ఉండిపోయింది. అలీ చూశాడు. చూసి, మల్లన్న గొంతు అట్లాంటిది మరి అనుకున్నాడు. అయ్యాక రికార్డైన దాంట్లో మొదటి రెండు నిమిషాలు వేసి వినిపించాడు. ఇంపుగా ఉంది. కార్డులో వేసి ఉమారాణి చేతికిచ్చాడు. మల్లప్ప బయటకు వెళ్తూ అలీ భుజం పట్టి గట్టిగా నొక్కాడు.

మరునాడు ఉమారాణి ఒక్కతే వచ్చింది.

"చిచ్చా, బాపు గొంతు పైకి లేచినకాడల్లా గుడ్డ చింపినట్టు వస్తాంది. రాగం ఏదో, డోలు ఏదో తెలుస్తలేదు."

"నీ ఫోను స్పీకరు పాతది బిడ్డా. ఇక్కడ విను."

అలీ పెద్ద స్పీకర్లలో పెట్టాడు. మల్లప్ప గొంతు పైకి లేచింది. డోలు మోగింది. ఆయనకు అంతా బాగానే ఉంది. ఉమారాణి పెదవి కొరుక్కుని నిలబడింది. ముందు గదిలోంచి హఫ్సా లేచి వచ్చి గుమ్మంలో ఆగి తండ్రిని పిలిచింది.

"అబ్బా, బంద్ చెయ్యి."

"ఏమైంది?"

"నీకు వినపడుతలేదా?"

ఆయన లారీల వైపు చెయ్యి ఎత్తబోయాడు. అప్పుడు రోడ్డు మీద లారీలేమీ లేవు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. హఫ్సా తండ్రి ముఖాన్ని కాసేపు చూసింది.  కుర్చీ లాక్కుని కూర్చుని, రికార్డైన పాటను తెరమీద గీతలుగా చూపించింది. మొదట చిన్న చిన్న అలలు. పోను పోను అవి పెరిగి, తలలన్నీ కత్తెరతో కోసినట్టు ఒకే మట్టానికి సాపుగా ఆగిపోయాయి. నలభై నిమిషాల్లో ముప్పై అట్లాగే ఉంది.

"టేపుల ఎర్ర తాకితే పాట చిక్కగైతది అబ్బా. కంప్యూటర్ల ఎర్ర తాకితే గా పైన ఉన్నదంతా కోసేస్తది. మల్ల తెచ్చుకునుడు ఉండదు. తక్కువ పెట్టినా మంచిగుండేది, తర్వాత పెంచుకునేటోల్లం."

చెవులకు తెలియనిది అప్పుడు కళ్లకు తెలిసింది. ఆ కోసుకుపోయిన తలలు చూస్తూ అలీ బల్ల అంచు పట్టుకున్నాడు. ఉమారాణి ఏడవడం లేదు. "సీడీ ఇంటికాడున్నది," అంది. "పండుగకు ఇర్వైమూడు దినాలున్నయి."

హఫ్సా స్కూటీ నడుపుతుంటే వెనక కూర్చుని అలీ మల్లప్ప ఊరికి వెళ్లాడు. మల్లప్ప గొర్రెల దొడ్డి పక్కన రేకుల పందిరి కింద కూర్చుని ఉన్నాడు. తనను చూసి నవ్వబోయిన మనిషికి ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు.

"మల్లన్నా, తప్పు నాదే. నాకు చెవులు పోయినయి. నాలుగేండ్లాయె, ఎవ్వరికి చెప్పలే. నిన్న నీ పాట నేను మంచిగ విననే లేదు. లెవల్ ఎక్కువ పెట్టి నీ గొంతు చింపిన."

వెనక నిలబడ్డ హఫ్సా తల తిప్పుకుంది.

మల్లప్ప మెల్లగా లేచాడు. అలీ చొక్కా రెండు చేతులతో పట్టుకుని దగ్గరకు లాక్కున్నాడు. నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, ముఖం నల్లబడింది. ఏమీ రాలేదు. మెడ కింది తెల్లగుడ్డ మాత్రం ఎగిరెగిరి పడింది. అందులోంచి గాలి బుసలు కొట్టింది. తిట్టాలనుకున్న తిట్లన్నీ ఆ గాలిలోనే పోయాయి. ఉమారాణి వచ్చి తండ్రి చేతులు విడదీసింది. ఆయన మళ్లీ కూలబడి, తలమీది రుమాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపటికి లోపలికి వెళ్లి సీడీ తెచ్చాడు. అలీకి ఇవ్వలేదు, హఫ్సా చేతిలో పెట్టాడు.

అందరూ దుకాణానికి వచ్చారు. ప్లేయరు ఈసారి సీడీని వెంటనే చదవలేదు. అలీ మూత విప్పి, లోపలి అద్దాన్ని దూదితో తుడిచాడు. సీడీని నీళ్ల కుండ పక్కన చల్లగా ఉంచి మళ్లీ పెట్టాడు. ఏడోసారికి చదివింది. వెంటనే ఆపేశాడు.

"ఆపినవేంది చిచ్చా?" అని ఉమారాణి కంగారు పడింది.

"లెవల్ పెట్టకముందే ఆడితే ఎట్ల?"

చిక్కు అక్కడే వచ్చింది. లెవల్ సరిగ్గా పెట్టాలంటే గొంతు అన్నింటికంటే పైకి లేచిన చోటు ముందు ఆడించి చూడాలి. అది ఆఖరి భాగంలో ఉంది. ఒక్కసారి ఆడించి చూస్తే, రికార్డు చేసేటప్పుడు ఆ చోటు ఉంటుందో ఉండదో తెలియదు. పొర ఇంకా లేచింది. వేలితో తాకితే ఊడివచ్చేటట్టుంది.

"లెవల్ అడుగుకు పెట్టేద్దాం అబ్బా," అంది హఫ్సా.

"మరీ అడుగుకు పెడితే గా మెల్లగ పాడిన మాటలు సర్రుమనే చప్పుడుల కలిసిపోతయి. ఈ వైరు పాతది. గా మాటలు కూడా కావాలె కద."

అలీ బల్ల మీద మోచేతులు ఆనించి తల పట్టుకున్నాడు.  మల్లప్ప గుమ్మం దగ్గర కూర్చుని ఇటు చూడకుండా వీధిలోకి చూస్తున్నాడు. చాలాసేపటికి అలీ లేచి అలమారులో వెతకడం మొదలుపెట్టాడు. పెళ్లి బ్యాండు సీడీ ఒకటి బయటకు తీశాడు.

"టేపుకైతే హద్దు లేదు. ఒకడు మెల్లగ ఎక్కిస్తడు, ఇంకొకడు గట్టిగ ఎక్కిస్తడు. సీడీకి అట్ల కాదు. ఇంటికి కప్పున్నట్టు ఏ సీడీకైనా కప్పు ఒక్కటే. ఎంత గొంతైనా గా కప్పును దాటి సీడీల ఎక్కనే ఎక్కదు. గీ బ్యాండు సీడీ కప్పుదాకా మోగుతది. ఇదే ప్లేయర్ల, ఇదే వైరుతోని దీన్ని ఆడించి, ఎర్రకు జర కిందనే ఆగేటట్టు లెవల్ పెడితే చాలు. మల్లన్న గొంతు ఎంత లేచినా ఎర్ర తాకదు. చూసుకునుడే అక్కర లేదు."

హఫ్సా తండ్రి వైపు తిరిగింది. అట్లా ఆయన మాట్లాడి చాలా రోజులైంది.

బ్యాండు సీడీ పెట్టారు. బాకాలు, డ్రమ్ములు గదిని దద్దరిల్లించాయి. అలీ కళ్లు తెరమీద, వేళ్లు లెవల్ మీద. పట్టీ పసుపులో ఎగిరి ఎర్రకు రెండు గీతల కింద ఆగేదాకా తగ్గిస్తూ వచ్చాడు. మొత్తం బ్యాండును చివరిదాకా ఆడించాడు. ఒక్కసారి కూడా ఎర్ర వెలగలేదు. రికార్డైనదాన్ని హఫ్సా హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని విని, మంచిగుందని తల ఊపింది. "ఇగ దీన్ని ఎవ్వరు ముట్టొద్దు," అన్నాడు అలీ.

తర్వాత మల్లప్ప సీడీ పెట్టారు. ప్లేయరు గరగరలాడింది. ఆగింది. తీసి, చల్లబరిచి, మళ్లీ పెట్టారు. ఆగింది. మధ్యాహ్నం దాటింది. ఉమారాణి పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. పదోసారో పదకొండోసారో మల్లప్ప గొంతు మెల్లగా మొదలైంది. పట్టీ అడుగున పచ్చగా కదిలింది.  గొంతు లేచింది. పట్టీ పసుపులోకి వచ్చి, ఎర్రకు దూరంగానే ఊగింది. హఫ్సా చెవుల నుంచి హెడ్‌ఫోన్ తీయకుండా బొటనవేలు ఎత్తి చూపించింది.

పది నిమిషాలు. ఇరవై. ఇరవై ఆరు నిమిషాల దగ్గర ఒక మాట సగంలో ఆగి, అదే సగం మాట మళ్లీ మళ్లీ వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు.

అలీ సీడీ తీసి చూశాడు. గోటంత మేర పొర ఊడి ప్లేయరు లోపల పడి ఉంది. ఆ చోటు నుంచి దీపం వెలుగు అవతలికి కనిపిస్తోంది. అయినా సాయంత్రందాకా పెడుతూనే ఉన్నాడు. తుడిచి పెట్టాడు, తిప్పి పెట్టాడు, బరువు పెట్టి పెట్టాడు. నల్లగొండలో తెలిసిన మెకానిక్కుకు ఫోను చేసి, ఆయన చెప్పేది వినపడక ఫోను హఫ్సాకిచ్చాడు. ఆమె విని, లేదని తల ఊపింది. చివరికి ఉమారాణే ఆయన చేతిలోంచి సీడీ తీసుకుంది.

"చాలు చిచ్చా. ఇంక పలుగుతది."

ఇరవై ఆరు నిమిషాలు శుభ్రంగా దక్కింది. మిగతా పద్నాలుగు నిమిషాలకు ఆ చిరిగిన రికార్డే దిక్కు. దాంట్లో మాటలు పోల్చుకోవచ్చు. రాగం పైకెక్కిన చోట మాత్రం గొంతు లేదు, చిరుగే ఉంది.

పండుగదాకా అలీ రోజూ దుకాణం హఫ్సాకు అప్పగించి ఉమారాణి వాళ్ల ఇంటికి వెళ్లాడు. వాళ్లు పిలవలేదు, పొమ్మనలేదు. ఉమారాణి చిరిగిన భాగాన్ని చెవులకు పెట్టుకుని ఒక్కొక్క మాట ఏరుకునేది. పాడేది. మల్లప్ప చెయ్యి గాలిలో ఎత్తి, రాగం ఎంత పైకి పోవాలో చూపించేవాడు. ఆమె అక్కడికి ఎక్కేది. కాదని తల ఊపేవాడు. ఇంకొంచెం కిందికి, పక్కకు, వంపు తిప్పి చూపించేవాడు. గాలిలో వంపును గొంతులోకి ఎట్లా తెచ్చుకోవాలో ఆమెకు తెలిసేది కాదు. డోలు మీద దరువు వేసి చూపించేవాడు. దరువు సరిపోయేది, రాగం సరిపోయేది కాదు. మిగతావన్నీ ఒక దారికి వచ్చాయి. బిడ్డను కన్న తల్లి అడవిలో ఒంటరిగా పిలిచే ఒక్క పిలుపు మాత్రం ఎన్ని వందలసార్లు పాడినా మల్లప్ప ఒప్పుకోలేదు. ఒకరోజు నోరు తెరిచి తానే పాడబోయాడు. గుడ్డ ఎగిరింది, గాలి వచ్చింది. డోలు పక్కకు తోసి లేచి దొడ్డిలోకి వెళ్లి, గొర్రెల మధ్య నిలబడిపోయాడు.

"బాపుకు లోపల వినపడుతాంది చిచ్చా," అంది ఉమారాణి. "నాకెట్ల చెప్పాలె?"

 ఆ పిలుపు దుకాణంలో మొదటిసారి ఆడిన రోజు అలీ ఆ గదిలోనే, స్పీకరుకు రెండడుగుల దూరంలో కూర్చున్నాడు.

పండుగ రోజు గుడి ముందు రంగుల పిండితో పట్నం ముగ్గు వేశారు. ఊరంతా చుట్టూ కూర్చుంది. ఉమారాణి పసుపు అద్దుకుని, చేతిలో ఒగ్గు పట్టుకుని నిలబడింది. డోలు దగ్గర మల్లప్ప. ఎదురుగా గొంగడి మీద ఎల్లేశం, చేతికర్ర మీద గడ్డం ఆనించి, ఒక్కొక్క మాటనూ తూకం వేస్తున్నట్టు కూర్చున్నాడు. అలీ వెనక హఫ్సాతో నిలబడ్డాడు. ఆయనకు డోలు నేలలోంచి కాళ్లకు తెలుస్తోంది. ఉమారాణి గొంతు దూరంగా, గోడ అవతలి మాటలా వస్తోంది.

మొదటి భాగం తడుముకోకుండా సాగింది. ముసలివాళ్లు తలలూపారు. తల్లి పిలుపు దగ్గరకు వచ్చేసరికి ఉమారాణి ఆగింది. ఆమె పెదవులు కదలడం లేదని అలీకి తెలుస్తూనే ఉంది. డోలు ఒకసారి మోగి ఎదురుచూసింది. మళ్లీ మోగింది. జనంలో గుసగుసలు లేచినట్టు తలలు కదిలాయి. ఎల్లేశం కర్ర మీది నుంచి గడ్డం ఎత్తాడు. అప్పుడామె కళ్లు మూసుకుని నోరు తెరిచింది.

అలీ హఫ్సా చెయ్యి పట్టుకున్నాడు. "ఎట్లుంది?"

హఫ్సా ఆయన ఎడమచెవి దగ్గరకు వంగింది. "వాళ్ల బాపుది కాదు అబ్బా. వేరే తీరు పాడుతాంది. మంచిగుందో లేదో నాకు తెల్వదు. ఏడ్చినట్టే ఉంది."

"మల్లన్న?"

"డోలు కొడుతుండు. ఆపలే."

కథ అయిపోయాక ఎల్లేశం లేచి, "గా పిలుపు గిట్ల కాదు. మల్లప్ప నోట నేను విన్న," అన్నాడు.  ఆయన కర్ర ఊనుకుంటూ రెండడుగులు నడిచి ఆగాడు. "ఈ ఏడు కానియ్యి. వచ్చే ఏడు కూసోని మాట్లాడుకుందాం."

అంతకంటే ఏమీ తేల్చకుండా వెళ్లిపోయాడు. ఉమారాణి ఒగ్గును ఒళ్లో పెట్టుకుని, ఎవరేమన్నా తల ఊపుతూ, నీళ్లు తాగుతూ కూర్చుంది. అలీ జనం పలచబడేదాకా ఆగి మల్లప్ప దగ్గరకు వెళ్లాడు.  మల్లప్ప తల ఎత్తలేదు. డోలు తాళ్లు వదులు చేస్తున్నవాడు, గొంగడి అంచు లాగి తన పక్కన కొంత జాగా చేశాడు. అలీ కూర్చోబోతే చెయ్యి పట్టి ఆపి, ఇటు కాదని సైగ చేసి, ఎడమచెవి డోలు వైపు ఉండేటట్టు కూర్చోబెట్టాడు.